కుక్క గారి తాలూకా

2024 జూన్‌లో మన రోడ్ల మీద ఉన్నట్టుండి ఎమ్మెల్యేగారి చుట్టాలు పెరిగిపోయారు. బండి ఎవరిదైనా, ఈఎమ్ఐ ఎవరు కడుతున్నా, నంబరు ఉండాల్సిన చోట ‘పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా’ అని రాయించేశారు. నంబరు ప్లేటు మీద నంబరు తప్ప రాతలేవీ ఉండకూడదని నిబంధనలు మొత్తుకుంటున్నా విన్న నాథుడు లేడు. దీన్ని మనం క్రమశిక్షణ లేకపోవడం అనుకున్నాం. కాదు, చేజారిపోయిన ఖజానా ఆదాయం అది. అమెరికా వాడైతే ఆ రాతకి ఏడాదికింత అని రేటు కట్టి, రసీదిచ్చి, వచ్చిన డబ్బుతో ఊళ్లో కుక్కలకీ పిల్లులకీ కు.ని. ఆపరేషన్లు చేయించేవాడు.

నిజంగానే చేయిస్తున్నాడు. టెక్సాస్‌లో ‘యానిమల్ ఫ్రెండ్లీ’ ప్లేటు కావాలంటే మామూలు రిజిస్ట్రేషన్ ఫీజు మీద ఏటా మరో 30 డాలర్లు కట్టాలి. అందులో 22 డాలర్లు జంతువుల ఖాతాలో పడతాయి. రాష్ట్ర ఆరోగ్య శాఖ వాటిని చౌకగా ఆపరేషన్లు చేసే సంస్థలకి గ్రాంట్లుగా ఇస్తుంది. వర్జీనియాలో ఫీజు 25 డాలర్లు. మొదటి వెయ్యి ప్లేట్లూ అమ్ముడయ్యాక, ఒక్కో ప్లేటు మీద 15 డాలర్లు ఆ కారు ఏ ఊళ్లో రిజిస్టరయిందో ఆ ఊరి ఆపరేషన్లకే వెళ్తాయి. మన పంచాయతీల నిధులు ఏయే దారుల్లో ప్రయాణిస్తాయో చూసినవాళ్లు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవచ్చు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలోనూ ఈ ప్లేటు ఉంది. అక్కడ ఆపరేషన్ కాని కుక్క లైసెన్సుకి అదనంగా 3 డాలర్లు వడ్డిస్తారు. బ్రహ్మచర్యానికి పన్ను రాయితీ ఇచ్చే ప్రభుత్వం భూమ్మీద ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు.

బండి వెనక కు.ని. ప్రచారం మనకేం కొత్త కాదు. ఎర్ర త్రికోణం వేసుకుని తిరిగిన బస్సులూ లారీలూ ఒక తరానికి బాగా గుర్తు. అయితే అది మనుషుల కోసం. ఆపరేషన్ ఉచితం, చేయించుకున్నందుకు ఎదురు డబ్బులు. కుక్కకి ఎదురు డబ్బులిస్తే పుచ్చుకోదు, వేలిముద్ర వేయదు, టార్గెట్ పూర్తయిందని కలెక్టరుగారికి చూపించడానికి దానికి రేషన్ కార్డూ ఉండదు.

ఇంత చక్కని పథకంలో నాకు కనపడే చిక్కల్లా ఒక్కటే. ఈ ప్లేటు కొనేదెవరు? జంతుప్రేమికుడు. అతని కుక్కకి ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. దానికి బీమా ఉంది, చలికాలానికి స్వెట్టరుంది, పుట్టినరోజుకి కేకుంది. మరి ఆపరేషన్ కావాల్సిన కుక్క ఎవరిది? కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కే ఎవరినైనా చేబదులు అడగాల్సినవాడిది. అమెరికాలో పశువైద్యుడి గడప తొక్కితే వందల డాలర్ల బిల్లు మరి. ఈ ఇద్దరి మధ్యా ప్రభుత్వం పోస్టుమ్యాన్‌లా నిలబడి, ఒకరి ముచ్చటని ఇంకొకరి అవసరానికి చేరవేస్తోంది. చేరవేసినందుకు సంతోషమే, కాదనను. చేరిన ప్రతి డాలరూ ఓ ఈతని ఆపే పనిలో పడుతుంది.

కానీ రోడ్డు మీద గుంత పూడ్చడానికి ‘గుంత ప్రేమికుల’ ప్లేటు పెట్టరు. జైలు గోడ కట్టడానికి జైలు అభిమానులని వెతకరు. వాటికి బడ్జెట్లో పద్దుంటుంది, ఇష్టమున్నా లేకపోయినా అందరం కడతాం. వీధికుక్కలూ, రేబిస్, షెల్టర్లలో చోటు చాలక చంపేసే కుక్కపిల్లలూ, ఇవన్నీ మాత్రం అభిరుచి ఉన్నవాళ్ల వ్యవహారం.

అందుకే అభిరుచి కుదిరేదాకా ఆగాలి. కాలిఫోర్నియాలో ఏ కొత్త ప్లేటైనా అచ్చు కావాలంటే ముందు 7,500 మంది డబ్బు కట్టి దరఖాస్తు పెట్టుకోవాలి. పిల్లి కడుపు రెండు నెలల్లో పండుతుంది. 7,500 మంది కూడేలోపు అది అమ్మమ్మ అయి, ముత్తవ్వ అయి, తన సంతానమంతా ఓ సందుని ఆక్రమించేలా చూసుకుంటుంది. అక్కడి ‘పెట్ లవర్స్’ ప్లేటుకి బొమ్మ గీసిచ్చింది హాలీవుడ్ నటుడు పియర్స్ బ్రోస్నన్. జేమ్స్‌బాండ్‌గా చంపడానికి లైసెన్సు పుచ్చుకున్న మనిషి, ఆ ఉద్యోగం వదిలాక పుట్టకుండా చూసే లైసెన్సు ప్లేటుకి కుంచె పట్టాడు. బొమ్మ నచ్చితే ప్లేటు అమ్ముడవుతుంది, అమ్ముడయితే ఆపరేషన్ జరుగుతుంది. చాలా రాష్ట్రాల్లో ఇలాంటి ప్లేట్ల పక్కనే కాలేజీ జట్ల ప్లేట్లు మిలమిలలాడుతుంటాయి. ఆ ఏడు ఫుట్‌బాల్ జట్టు బాగా ఆడితే పిల్లుల సంగతి పిల్లులే చూసుకోవాలి.

ఈ ప్లేట్ల మీద రాసేది ఎవరి మాట అన్న ప్రశ్న 2015లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. టెక్సాస్‌లో ఓ సంఘం కాన్ఫెడరేట్ జెండా ఉన్న ప్లేటు అడిగింది, రాష్ట్రం కుదరదంది. 5–4 మెజారిటీతో కోర్టు తేల్చిందేమిటంటే, ప్లేటు మీద ఉన్నది కారు యజమాని మాట కాదు, ప్రభుత్వం మాటే. జెండా కేసులో అది మంచి తీర్పే. కానీ ఆ లెక్కన కారు వెనక కుక్క బొమ్మ మొరిగితే ఆ మొరుగుడు కూడా సర్కారుదే అవుతుంది. ఇప్పుడు ఫ్లోరిడా వెళ్దాం. గర్భస్రావాలకి వ్యతిరేకంగా ‘చూజ్ లైఫ్’ ప్లేటు 2000లో మొదట అచ్చయింది అక్కడే. ‘యానిమల్ ఫ్రెండ్’ ప్లేటూ అక్కడ ఉంది. ఎర్రలైటు దగ్గర రెండు కార్లు పక్కపక్కన ఆగాయనుకోండి. ఒక ప్లేటు మీద ప్రభుత్వం పుట్టనివ్వండి అంటుంది, రెండో ప్లేటు మీద అదే ప్రభుత్వం పుట్టకుండా చూడండి అంటుంది. ఎన్ని నోళ్లున్నా జేబు మాత్రం కారువాడిదే.

జేబులు లేక కాదు. 2013లో టెక్సాస్‌లోనే వేలంలో ‘12టీహెచ్‌మ్యాన్’ అనే ఏడక్షరాల ప్లేటుని ఓ ఫుట్‌బాల్ అభిమాని 1,15,000 డాలర్లకి పాడుకున్నాడు. జంతువుల ఖాతాకి అంత సొమ్ము చేరాలంటే ఐదువేల పైచిలుకు కార్లు ఏడాదిపాటు ఆ ప్లేటు తగిలించుకు తిరగాలి. మనమేం తీసిపోలేదు. 2024 ఆగస్టులో ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో టీజీ 09 9999 నంబరు ఇరవై ఐదున్నర లక్షలు పలికింది. ఆ లక్షలు ఖజానాలో కలిసిపోయాయి. అందులో ఒక్క రూపాయైనా ఊరకుక్క వైపు తిరిగి చూడాలన్న రూలు లేదు.

మన దగ్గర రూలు వేరే ఉంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కల ఆపరేషన్లు స్థానిక సంస్థల పని. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా, పిచ్చి పట్టినవీ మరీ మీదపడేవీ తప్ప, కుక్కలకి ఆపరేషన్ చేసి టీకా వేసి పట్టుకొచ్చిన చోటే వదలమంది. చెప్పడం కోర్టు వంతు, చేయడం మున్సిపాలిటీ వంతు, ఈలోపు కరవడం కుక్క వంతు. ఖర్చు ఎవరి వంతన్న దగ్గర ఫైలు ఆగుతుంది.

టెక్సాస్ పద్ధతి ఇక్కడా తెద్దామని ఏ యువ ఐఏఎస్‌కో ఉత్సాహం పుడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ముందు పథకానికి ఎవరి పేరు పెట్టాలన్న చర్చ. పేరు కుదిరాక దానికి తగిన ఫొటో. కుక్క బొమ్మ ఓ మూలకి జరిగి తపాలా బిళ్ల సైజుకి వస్తుంది. పంచాయతీ భవనాల రంగులే సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రాష్ట్రంలో ప్లేటు రంగు గొడవకి ఓ బెంచి విడిగా కావాలి. ఆపైన కుల సంఘాలూ, హీరోల అభిమాన సంఘాలూ తమకీ ఒక ప్లేటు కావాలని ధర్నాకి దిగుతాయి. మంజూరు చేయక తప్పదు, వాటికి ఓట్లున్నాయి. చివరికి కుక్కల ప్లేటు ఎవరైనా కొంటే దాని మీద లాబ్రడారో పమేరియనో ఉండాలంటారు. ఎంగిలాకుల దగ్గర పెరిగిన ఎర్రకుక్క బొమ్మకి మన కార్లలో చోటు దొరకదు.

డాలస్ దగ్గరుండే మా అన్నయ్య కొడుకు మొన్న కొత్త కారు కొన్నాడు. ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడుతున్నాడు అన్నయ్య.

“నాన్నా, కుక్కల ప్లేటు తీసుకుంటున్నా. ఏడాదికి ముప్ఫై డాలర్లే.”

“పుణ్యం ఉంటుందిరా. నంబరెంత? కూడితే తొమ్మిది రావాలి, చూసుకున్నావా?”

“వాళ్లేది ఇస్తే అదే. కోరుకున్న నంబరైతే ఇంకో నలభై.”

“ఆ నలభై కూడా కుక్కలకేనా?”

“కాదు, అది సర్కారుకి.”

అన్నయ్య కాసేపు మనసులో లెక్కేసుకున్నాడు.

“అయితే ఆ కుక్కలది వదిలేసి, తొమ్మిదొచ్చేది తీసుకో.”