శనివారం ఐకమత్యం

గురువారం సాయంత్రం ఆరింటికి మెయిలొచ్చింది. శనివారం పొద్దున ఏడింటికి గచ్చిబౌలిలో బస్సు, మొయినాబాద్ దగ్గర రిసార్టు, రోజంతా టీమ్ బిల్డింగ్. హాజరు పూర్తిగా స్వచ్ఛందం. రాలేనివారు మాత్రం కారణం రాసి మేనేజర్ ఆమోదం తీసుకోవాలి. ఇంత స్వేచ్ఛ ఇచ్చాక ఎగ్గొట్టే ధైర్యం ఎవరికుంటుంది? పదకొండు మందిమీ వెళ్ళాం.

ఈ వైద్యం ఎందుకు అవసరమైందో ముందు చెప్పాలి. మూడు నెలల పని ఆరు వారాల్లో చేసిపెడతామని మా పైవాళ్ళు క్లయింటుకు మాటిచ్చారు. చెయ్యలేకపోయాం. డెవలపర్లు టెస్టర్లని అన్నారు, టెస్టర్లు డెవలపర్లని అన్నారు, రాత్రి పదకొండింటి కాల్‌లో అందరూ అందర్నీ అన్నారు. పైవాళ్ళు కూర్చుని రోగం కనిపెట్టారు: మాలో ఐకమత్యం లోపించింది. వేసిన తేదీలోనే తప్పుందని ఎవరికీ తోచలేదు. తేదీ వేసినవాళ్ళే నాడి చూస్తే ఎలా తోస్తుంది?

బస్సెక్కగానే తలా ఒక టీషర్టు ఇచ్చారు. అందరికీ ఒకటే రంగు, ఒకటే సైజు. నాకు మోకాళ్ళ మీదికొచ్చింది. మా డేటాబేస్ బాబాయికి బొడ్డు దగ్గరే ఆగిపోయింది. ఇద్దరి వీపు మీదా 'మనమంతా ఒక్కటే' అని ఇంగ్లీషులో రాసుంది.

కోచ్ గారి కార్డు మీద పేరు ఒక లైను, బిరుదులు నాలుగు లైన్లు. ఈ దేశంలో క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే భారత పునరావాస మండలిలో పేరు నమోదు కావాలి. కోచ్ అనిపించుకోవడానికి మైకు చాలు. ఆ మైకులోనే ఆయన "ఎనర్జీ ఏదీ? నాకు వినపడట్లేదు!" అని మూడుసార్లు అరిచారు. రెండు వారాలుగా రాత్రి కాల్స్‌లో ఉన్నవాళ్ళం. మా ఎనర్జీ ఎటు పోయిందో మేనేజర్‌ని అడిగితే సరిగ్గా చెప్పేవారు.

మొదటి స్లైడు మీద పావురాలు. చిన్నయసూరి నీతిచంద్రికలో, మిత్రలాభంలో మనమంతా బళ్ళో చదువుకున్నవే. గోదావరి ఒడ్డు, నూకలు చల్లి వల పన్నిన వేటగాడు, వలలో పడ్డ పావురాలు, అన్నీ ఒక్కసారిగా రెక్కలు కొట్టి వలతో సహా ఎగిరిపోవడం. "చూశారా ఫ్రెండ్స్! ఐకమత్యం ఉంటే ఏ డెడ్‌లైన్‌నైనా ఎగరగొట్టొచ్చు!" అన్నారు కోచ్ గారు. డెడ్‌లైన్లు ఎగరగొట్టడంలో మాకు అప్పటికే మంచి అనుభవం ఉంది కాబట్టి చప్పట్లు కొట్టాం. కథ అక్కడితో ఆగింది. మిగతా సగం ఆయన స్లైడులో లేదు.

తర్వాత తాడు లాగుడు. జట్టు బలం ఏమిటో కళ్ళకు కట్టిస్తానన్నారు. ఆ కోచ్ గారికి మాక్స్ రింగెల్మాన్ గురించి ఎవరూ చెప్పినట్టు లేరు. ఆయన ఫ్రాన్సులో వ్యవసాయ ఇంజనీరు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచి, ఆ లెక్కలు 1913లో అచ్చువేశాడు. మనుషులు పెరిగే కొద్దీ తలా ఒక్కరు పెట్టే బలం తగ్గుతూ పోయింది. ఎనిమిది మంది కలిసి లాగితే, విడివిడిగా లాగినప్పటి మొత్తంలో సగం కూడా రాలేదు. 1979లో అమెరికాలో లటానే, ఆయన సహచరులు జనం చేత చప్పట్లు కొట్టించి, కేకలు వేయించి చూశారు. అక్కడా ఇదే వరస. గుంపులో నా ఒక్కడి చప్పట్లు ఎవరికి వినపడతాయిలే అని ప్రతివాడూ చెయ్యి కాస్త దాచుకున్నాడు. వాళ్ళు దానికి 'సోషల్ లోఫింగ్' అని పేరు పెట్టారు. మనవాళ్ళు ఏ కొలతలూ లేకుండానే 'పదిమందిలో పాము చావదు' అని ఎప్పుడో తేల్చేశారు.

అంటే జట్టు బలం చూపించడానికి కోచ్ గారు ఎంచుకున్న ఆట, జట్టులో బలం ఎలా ఆవిరైపోతుందో చూపించినందుకు లోకప్రసిద్ధమైనది.

దీనికి మందు లేకపోలేదు. ఎవరి వంతు ఎంతో కనపడాలి, అందరూ ఒకే క్షణాన లాగాలి. ఉప్పాడ ఒడ్డునో భీమిలి ఒడ్డునో పెద్దవల లాగేవాళ్ళని చూడండి. 'ఐలేసా' అన్న కేకకి అందరి మడమలూ ఒకేసారి ఇసుకలో దిగుతాయి. కేక వేసేవాడి చేతిలోనూ తాడుంటుంది. చేప పడితే తలా ఒక వాటా ఉంటుంది. మా దగ్గర కేక వేసేవాడి చేతిలో మైకుంది. వాటాల సంగతి హెచ్.ఆర్. వాళ్ళు ఏప్రిల్లో చెబుతారు.

పదకొండింటికి నమ్మకం నేర్పారు. కళ్ళు మూసుకుని వెనక్కి పడాలి, వెనక నిలబడ్డ మేనేజర్ పట్టుకోవాలి. పడ్డాను. ఆయన పట్టుకున్నారు, ఒక్క చేత్తో. రెండో చేతిలో ఫోనుంది, ఫోనులో క్లయింటున్నాడు. ఈ లెక్కన నాకు నమ్మకం కుదిరిపోవాలి. కానీ మెత్తటి గడ్డి మీద పడేవాణ్ణి ఎవరైనా పట్టుకుంటారు. అప్రైజల్ గదిలో నా పేరు పైకొచ్చినప్పుడు పట్టుకుంటాడా, వదిలేస్తాడా అన్నది అసలు పరీక్ష. ఆ గదిలోకి మనల్ని రానివ్వరు. అక్కడా కళ్ళు మూసుకునే పడాలి.

భోజనాలకు ముందు జాతకాలు చూశారు. బోలెడు ప్రశ్నలకు టిక్కులు పెడితే నాలుగు అక్షరాలు వస్తాయి, ఆ నాలుగక్షరాలే మన వ్యక్తిత్వం. మయర్స్-బ్రిగ్స్ పరీక్ష అంటారు. యుంగ్ 1921లో రాసిన పుస్తకం ఆధారంగా క్యాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మయర్స్ అనే తల్లీకూతుళ్ళు తయారుచేశారు. ఇద్దరిలో ఒక్కరూ సైకాలజీలో శిక్షణ పొందినవారు కారు. కూతురు అంతకుముందు డిటెక్టివ్ నవల రాసింది. ప్రపంచంలోని మనుషులందర్నీ పదహారు గళ్ళలో సర్దేశారు. మన సిద్ధాంతికి పన్నెండు రాశులు, ఇరవై ఏడు నక్షత్రాలు, నూట ఎనిమిది పాదాలు ఉన్నాయి. పదహారు గళ్ళ శాస్త్రాన్ని చూసి ఆయన నవ్వితే తప్పుపట్టలేం. పైగా పుట్టిన నక్షత్రం మారదు. ఈ పరీక్ష కొన్ని వారాల తర్వాత మళ్ళీ రాస్తే చాలామందికి ఒక అక్షరమైనా మారుతుంది.

మా టెస్టరమ్మ 'అంతర్ముఖురాలు' అని తేలింది. మీటింగుల్లో ఆమె ఎందుకు నోరు విప్పదో ఇక ఎవరూ విచారించక్కర్లేదు, శాస్త్రం చెప్పేసింది. కిందటేడు ఒకసారి నోరు విప్పినప్పుడు ఏం జరిగిందో ఆ నాలుగక్షరాల్లో పట్టలేదు.

బిర్యానీ తర్వాత 'సైకలాజికల్ సేఫ్టీ'. ఈ ఒక్కదాన్నీ నేను వేళాకోళం చెయ్యను. హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్‌సన్ మొదట్లో ఆసుపత్రి జట్ల మీద పరిశోధన చేశారు. బాగా కలిసి పనిచేసే నర్సుల జట్లలో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుని లెక్క తీస్తే, ఎక్కువ తేలాయి. తవ్విచూస్తే అర్థమైంది: ఈ జట్లవాళ్ళు జరిగిన పొరపాటు భయం లేకుండా చెబుతున్నారు, మిగతావాళ్ళు దాస్తున్నారు. 1999లో ఆమె దీన్ని జట్లకు సంబంధించిన సిద్ధాంతంగా నిలబెట్టారు. ఆ తర్వాత గూగుల్ తన సొంత జట్లు 180 దాకా పరిశీలించి, అన్నిటికంటే ముందు ఉండాల్సింది ఇదేనంది. జట్టులో ఎవరెవరున్నారన్నదానికంటే, ఉన్నవాళ్ళు ఒకరితో ఒకరు ఎలా మెలుగుతున్నారన్నది ముఖ్యమని తేల్చింది.

ఇంత పరిశోధన సారం ఒక్క ముక్కలో చెప్పొచ్చు: పైవాడి ముఖం చూసి కిందివాడి నోరు ఎండిపోకూడదు. ఈ ముక్క మాకు చెప్పడానికి పైవాళ్ళందర్నీ ముందు వరసలో మా వైపు తిప్పి కూర్చోబెట్టారు. "నిర్భయంగా మాట్లాడండి" అన్నారు కోచ్ గారు. ఏసీ శబ్దం వినపడింది. చివరికి జూన్‌లో చేరిన కుర్రాడొకడు లేచాడు. వాడికింకా లోకం తెలియదు. "ఆరు వారాలకి ఎవరు ఒప్పుకున్నారు సార్?" అన్నాడు. "అద్భుతమైన ప్రశ్న! దీన్ని ప్రస్తుతానికి పార్కింగ్ లాట్‌లో పెడదాం" అన్నారు కోచ్ గారు. మా ప్రశ్నలన్నీ ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నాయి. హైదరాబాద్‌లో అడగ్గానే పార్కింగ్ దొరికేది వాటికి మాత్రమే.

ఆఖర్న అభిప్రాయ సేకరణ. పేరు రాయనక్కర్లేదన్నారు. విభాగం, హోదా, ఎన్నేళ్ళ అనుభవం, ఆడా మగా, ఇవి మాత్రం తప్పనిసరి. మా జట్టులో తొమ్మిదేళ్ళ అనుభవమున్న ఆడ టెస్టరు ఒక్కరే. విరాటుడి కొలువులో బృహన్నల కూడా ఇంత తేలిగ్గా దొరికిపోలేదు. టెస్టరమ్మ అయిదుకి అయిదు మార్కులిచ్చి, 'చాలా స్ఫూర్తిదాయకం' అని రాసి, కాగితం మడిచి ఇచ్చేసింది.

సోమవారం పొద్దున హెచ్.ఆర్. నుంచి ఇంకో మెయిలు: ఈ ఏడాది రేటింగులు బెల్ కర్వ్ ప్రకారమే. అంటే పదకొండు మందీ ప్రాణం పెట్టి పనిచేసినా, ఒకడు అధముడని తేలాల్సిందే. ఎవడన్నది మేమే తేల్చుకోవాలి, పక్కవాడి తప్పులు జాగ్రత్తగా రాసిపెట్టుకుని. జనరల్ ఎలక్ట్రిక్‌లో జాక్ వెల్చ్ ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి ఇది: పైన ఇరవై శాతం, నడుమ డెబ్భై, కింద పది. ఆ కింది పది శాతానికి గుమ్మం చూపించాలి. మైక్రోసాఫ్ట్ కూడా ఇలాంటిదే ఏళ్ళ తరబడి నడిపించి, 2013లో వదిలించుకుంది. బాగా పనిచేసేవాళ్ళు బాగా పనిచేసేవాళ్ళతో ఒకే జట్టులో ఉండటానికి జంకుతున్నారని అక్కడివాళ్ళు మొత్తుకున్నారు. జంకరా మరి? పక్కవాడు గట్టివాడైతే కిందికి జారేది మనమే.

శనివారం అన్నదమ్ములం, సోమవారం దాయాదులం. భీమవరం బరిలో కోళ్ళకి కూడా కత్తి కట్టేముందు ఐకమత్యం మీద క్లాసు పీకరు. వాటికి ఆ మాత్రం మర్యాద దక్కుతుంది.

సైకాలజీ దండగ, కోచ్‌లు దొంగలు అని నేననను. సైకాలజీని మా కంపెనీ పూర్తిగా చదవదన్నదే నా గొడవ. హార్వర్డ్‌లోనే రిచర్డ్ హ్యాక్‌మన్ అనే ఆయన విమానాల కాక్‌పిట్ సిబ్బంది నుంచి సింఫనీ వాద్యబృందాల దాకా జట్ల మీద దశాబ్దాలు గడిపారు. ఆయన స్థూలంగా వేసిన లెక్క: జట్టు ఎంత బాగా పనిచేస్తుందన్నది అరవై శాతం దాన్ని ముందే ఎలా అమర్చారన్నదాని మీద, ముప్ఫై శాతం పని ఎలా మొదలుపెట్టించారన్నదాని మీద, మిగతా పది శాతం తర్వాత ఇచ్చే కోచింగ్ మీద ఉంటుంది. రూత్ వేజ్‌మన్ జిరాక్స్ కంపెనీలో 43 సర్వీసు జట్లను పరిశీలించి 2001లో చెప్పిందీ ఇదే తోవ. సరిగ్గా అమర్చిన జట్టుకి మంచి కోచింగ్ బాగా పనికొస్తుంది. అమరికే వంకరైతే ఎంత మంచి కోచ్ అయినా చేయగలిగింది కొంచెమే.

ఆ అరవై శాతంలో ఏముంటాయి? పని ఎందుకు చేస్తున్నామో తెలియడం, చాలినంత మంది ఉండటం, చెయ్యగలిగిన తేదీ, జట్టుగా చేసినదానికి జట్టుగా మెప్పు. ఇవన్నీ మేనేజర్ క్యాబిన్‌లోనో, ఆ పై అంతస్తులోనో ఉన్నాయి. అందుకే మొయినాబాద్ తీసుకెళ్ళారు. ఆ అంతస్తుకి వీలైనంత దూరం.

క్రికెట్ చూసేవాళ్ళకి ఇంకా తేలిగ్గా బోధపడుతుంది. 2005లో గ్రెగ్ చాపెల్ మన జట్టు కోచ్ అయ్యాడు. కొద్ది నెలలకే కెప్టెన్ గంగూలీ మీద బోర్డుకి రాసిన మెయిలు పత్రికలకెక్కింది. 2007 ప్రపంచ కప్పులో మనం మొదటి దశలోనే ఇంటికొచ్చేశాం. ఆ తర్వాత గ్యారీ కిర్‌స్టెన్, ఆయనతో పాటు మానసిక శిక్షణకు ప్యాడీ ఆప్టన్ వచ్చారు. 2011లో కప్పు గెలిచాం. సచిన్, సెహ్వాగ్, యువరాజ్, ధోనీ, హర్భజన్, జహీర్ రెండు జట్లలోనూ ఉన్నారు. కోచ్ మారితేనే కప్పొచ్చిందని చెప్పడానికి నేనేమీ వెర్రివాణ్ణి కాను. కానీ ఆటగాళ్ళ మీద పైవాళ్ళకి మెయిళ్ళు రాసే కోచ్‌కీ, ఆటగాళ్ళ పక్కన నిలబడే కోచ్‌కీ తేడా డ్రెస్సింగ్ రూములో అందరికంటే ముందు తెలిసిపోతుంది.

నిజమైన కోచ్ మా ఆఫీసుకొస్తే ఏం చేస్తాడు? సోమవారం మీటింగులో మూల కూర్చుని, ఎవరు ఎంతసేపు మాట్లాడారో, ఎవరి మాట ఎవరు తుంచేశారో గీతలు పెట్టుకుంటాడు. మీటింగయ్యాక మేనేజర్ తలుపు కొట్టి, "గంటలో నలభై నిమిషాలు మీరే మాట్లాడారు సార్. తేదీ గురించి మాత్రం మాట్లాడలేదు" అంటాడు. ఆ కోచ్‌కి రెండోసారి పిలుపు రాదు. పిలుపు కావాలంటే పావురాల స్లైడు పెట్టుకోవాలి, అదీ సగంలో ఆపెయ్యాలి.

ఆ మిగతా సగం నేను చెబుతాను. నూకలు కనపడ్డప్పుడు పావురాల రాజు చిత్రగ్రీవుడు వద్దన్నాడు. అడవిలో నూకలెక్కడివని అనుమానపడ్డాడు. ముసలి పావురమొకటి ఎగతాళి చేసి అందర్నీ దింపింది. వలలో పడ్డాక మిగతావన్నీ దాన్ని తిట్టిపోశాయి. అప్పుడు రాజు, తప్పు దాని మీద వెయ్యకండి, బయటపడే దారి చూడండి అన్నాడు. ఎడ్మండ్‌సన్ కంటే ఎన్నో వందల ఏళ్ళ ముందు సంగతి. ఎగిరి హిరణ్యకుడనే ఎలుక దగ్గరికి వెళితే, అది స్నేహితుడు కదా అని ముందు రాజు కట్లు కొరకబోయింది. ముందు నా వాళ్ళ కట్లు, తర్వాతే నావి అన్నాడు చిత్రగ్రీవుడు. ఐకమత్యం ఎక్కడి నుంచి వచ్చిందో కథ ఇంత విప్పి చెప్పింది.

మా కథలో నూకల్ని అందరికంటే ముందు చూసింది చిత్రగ్రీవుడే. దిగుదామన్నదీ ఆయనే. దిగినందుకు ఇన్సెంటివ్ అందుకున్నదీ ఆయనే. వలలో మాత్రం మేమున్నాం. ఆయన బూరుగు కొమ్మ మీద కూర్చుని, మాకు ఎగరడంలో శిక్షణ ఇప్పిస్తున్నాడు.