గెలిచొచ్చావా? అయితే మళ్లీ గెలిచి రా

కరపత్రం మీ ఇంటికీ వచ్చే ఉంటుంది. సంక్రాంతి క్రికెట్‌కు ఈసారి సీడింగ్ అట, ప్లే-ఇన్ అట! కొమరోలు ఎదిగిపోయింది. ఇన్నాళ్లూ టోపీలో చీటీలు వేసి పిల్లాడి చేత తీయించేవాళ్లు. ఇక ఆ పిల్లాడికి సెలవు. ఎవరితో ఎవరు ఆడాలో కమిటీ పెద్దలు టీ తాగుతూ తేల్చేశారు. ఫ్లెక్సీలకు డబ్బులిచ్చినాయన జట్టు ఒకటో సీడు, షామియానా వేయించినాయనది రెండో సీడు. ఇద్దరూ నేరుగా క్వార్టర్‌ఫైనల్లోకి.

రాచర్ల, అర్ధవీడు వైపు పల్లెల కుర్రాళ్లేమో పొద్దున్నే మంచులో ప్లే-ఇన్ ఆడాలి. గెలిస్తే మధ్యాహ్నం ఎండలో ఒకటో సీడును ఎదుర్కోవాలి. అప్పటికి సీడుగారు నాటుకోడి తిని, కునుకు తీసి, ఇస్త్రీ చొక్కాలో దిగుతారు. ఎంట్రీ ఫీజు మాత్రం అందరికీ సమానమే. సమానత్వం అంటే ప్రాణం మా కమిటీకి.

ఇదేం లెక్కయ్యా అంటే, అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఇంతేనన్నా అన్నారు. సరే, అమెరికాకే పోదాం. అక్కడి జాతీయ టోర్నీలో నాలుగు రీజియన్లు, ఒక్కోదానిలో 1 నుంచి 16 దాకా సీడ్లు. ఒకటికి పదహారుతో, రెండుకు పదిహేనుతో పోటీ. సీజనంతా చెమటోడ్చినవాడికి మొదట కాస్త తేలిక జోడీ, ఒప్పుకుంటా. 2011లో జట్లను 68కి పెంచారు. 64కు తగ్గించడానికి ఎనిమిది జట్లను ముందే నాలుగు మ్యాచ్‌లలో కొట్టుకోమన్నారు.

ఆ ఎనిమిదిలో సగం ఎవరనుకున్నారు? తమ కాన్ఫరెన్సులో, అంటే తమ లీగులో, కప్పు కొట్టి వచ్చిన చిన్న కాలేజీలు! పెద్ద కాన్ఫరెన్సులో ఏ ఐదో స్థానమో దక్కించుకున్నవాడు కమిటీ పిలుపుతో దర్జాగా లోపల కూర్చుంటాడు. కప్పు పట్టుకొచ్చినవాడు గుమ్మం బయట ఇంకో పరీక్ష రాయాలి. 2023లో ఆ గుమ్మంలోంచే వచ్చిన ఫెయిర్లీ డికిన్సన్ అనే పదహారో సీడు, ఒకటో సీడు పర్డ్యూను 63-58తో ఇంటికి పంపింది. ఈ కథ కమిటీకి చెబితే ఫోన్ మోగిందని లేచి వెళ్లారు.

క్రికెట్‌లోనూ ఇదే తంతు. 2024 టీ20 ప్రపంచకప్ గుర్తుందిగా? గ్రూపులో మొదటి స్థానం ఆస్ట్రేలియాది, తర్వాతి దశకు 'బి1' హోదా మాత్రం ఇంగ్లండ్‌ది. ఆట మొదలవకముందే రాసిపెట్టేశారు.

నాకు ఒళ్లు మండుతోంది. గెలిచినవాణ్ణి మళ్లీ రుజువు తెమ్మంటారేం? ఒక్క బంతైనా వేయనివాణ్ణి ఒక్కమాటా అడగరేం? ప్రభుత్వం పెట్టిన 'ఆడుదాం ఆంధ్రా' పోటీల మీద ఎవరెన్ని అన్నా, ఆటగాడు సచివాలయం స్థాయిలో మొదలుపెట్టి, గెలిస్తేనే మండలానికి వెళ్లాడు. ఇక్కడ అది కూడా లేదు. కూలి పని మానుకుని, బండికి పెట్రోలు పోయించుకుని వచ్చే పిల్లలతో ఆడుకుంటున్నారు, కమిటీ పెద్దలూ. సిగ్గుండాలి.

మనవైపు బండలాగుడు చూడండి. ఎద్దుల పళ్లు చూసి రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు. వరుస చీటీలో తేలుతుంది. ఒక విభాగంలో అన్ని జతలకూ అదే బండ, అదే గడువు. టేపు పట్టి అడుగుల్లో కొలుస్తారు. ఎంత గొప్పాయన ఎద్దులైనా, ఈ జత సగం దూరం లాగినట్టే రాసుకోండి అనడానికి ఇంకా ఎవరికీ నోరు రాలేదు.

రేపోమాపో చందా పుస్తకంతో మా వీధికి వస్తారు కదా, రండి. మా వీధిలో పిసినారి అంటే ఎదురింటాయనే. ముందు ఆయన దగ్గర వంద రూపాయలు రాబట్టండి. అది మీ ప్లే-ఇన్. గెలిస్తేనే నా గుమ్మం ఎక్కాలి. నేను ఒకటో సీడు.