రెండున్నర అడుగుల మర్యాద

మా ఇంట్లో నులక మంచం అడ్డకొలత మూడడుగులు. కోలారు సీమలోని చింతామణి మీదుగా నడిచిన పాత రైలుకు పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. మంచానికంటే ఇరుకైన దారిలో మూడు తరాలను కుక్కి తిప్పారు.

అదే సీమలో బంగారానికి మర్యాద వేరు. కోలారు గనులకు బౌరింగుపేట నుంచి, అంటే ఇప్పటి బంగారుపేట నుంచి, 1894లోనే బ్రాడ్ గేజ్ వేశారు. ఐదున్నర అడుగులు! రాతిలోంచి తీసిన లోహం కాళ్లు చాపుకొని పోవాలి కదా. మనుషుల వంతు 1913లో వచ్చింది: అదే బౌరింగుపేట నుంచి కోలారుకు నారో గేజ్. అప్పుడు మైసూరు దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. పుట్టిందేమో చిక్కబళ్లాపురం పక్కన ముద్దేనహళ్లిలో. అంతటి ఇంజనీరు సొంత దిక్కుకూ చివరికి దక్కింది రెండున్నర అడుగులే. బెంగళూరు వైపు నుంచి వచ్చిన కంపెనీ పేరు బెంగళూరు–చిక్కబళ్లాపురం లైట్ రైల్వే. లైట్ తీసుకోమని పేరులోనే చెప్పారు, మనకే అర్థం కాలేదు.

అమెరికావాళ్లూ కొలరాడో కొండల్లో ఇరుకు పట్టాలు వేశారు. డెన్వర్–రియో గ్రాండె కంపెనీవి మూడడుగులు, మా మంచమంత. ఆ కంపెనీ 1882లో సిల్వర్టన్ వెండి గనులకు వేసిన దారిలో ఆవిరి బండి ఇప్పటికీ పొగ వదులుతూ టూరిస్టుల జేబులు ఖాళీ చేస్తోంది. మనం పట్టాలు పీకేసి, చిక్కబళ్లాపురం దారిలోని నంది హాల్ట్ స్టేషన్ ముందు సెల్ఫీలు దిగుతున్నాం.

2001లో కోలారు గనులు మూతపడ్డాయి. కోలారు–చిక్కబళ్లాపురం లైను 2013లో బ్రాడ్ గేజ్ అయింది. బంగారం పోయిన పన్నెండేళ్లకు గానీ, చింతామణి టమోటాకూ శిడ్లఘట్ట పట్టుగూళ్లకూ కాళ్లుంటాయని ఢిల్లీకి తట్టలేదు.

ఇక మా బాగేపల్లి. ఇరుకూ లేదు, వెడల్పూ లేదు. చిక్కబళ్లాపురం నుంచి పుట్టపర్తికి మా మీదుగా లైను ఉంది, కాగితం మీద. ఆ గేజు ఎంతంటే, ఏ ఫోర్ సైజు. రోడ్డు పక్కన టేపు పట్టుకొని ఎవరు కనబడినా మా రచ్చకట్ట ముసలాయన పిలిచి కూర్చోబెడతాడు.

“రైలు సర్వేనా అప్పా?”

“అవును తాతా.”

“అట్లయితే ఎలక్షన్లు ఏ నెల్లో?”