పడవ పళ్లెం: సటీక తాత్పర్యం

అవతారిక

గోదావరి మీద పాపికొండల విహారానికి వెళ్లిన గృహస్థు టికెట్టు ధర పూర్తిగా చెల్లించిన తరువాత కూడా, పడవ దిగే సమయంలో సిబ్బందికి మరికొంత ఇవ్వవలెనా, అక్కరలేదా అన్న సందేహం లోకంలో చాలాకాలంగా ఉన్నప్పటికీ, దానిపై ప్రామాణికమైన వ్యాఖ్య ఒక్కటీ లేకపోవడం చేత, చాలామంది ఆ క్షణానికి ఫోను చెవికి ఆనించుకుని ఒడ్డు వైపు చూస్తూ దిగిపోవడం ఆచారమైంది. ఆ కొరత తీర్చడానికి కింది ఆటవెలది కల్పించబడింది. మూలం ఉంటే వ్యాఖ్య పుట్టడం లోకరీతి కాగా, వ్యాఖ్య కోసం మూలాన్ని పుట్టించడం ఇక్కడి విశేషం. మెతుకుసీమలోని కొల్చారానికి చెందినవాడని పండితులు చెప్పే కావ్యవ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి, ఆధారం లేనిదీ అవసరం లేనిదీ రాయనని తన వ్యాఖ్యల ఆరంభంలో ప్రతిజ్ఞ చేశాడు. ఈ వ్యాఖ్యలో ఆ ప్రతిజ్ఞ మొదటి సగం శిరసావహించబడింది, రెండవ సగం విషయస్వభావాన్ని బట్టి కొంత సడలించబడింది.

శాస్త్రగ్రంథానికి అనుబంధాలు నాలుగు: చదవడానికి తగినవాడు అధికారి, చెప్పే సంగతి విషయం, గ్రంథాన్నీ విషయాన్నీ కలిపేది సంబంధం, చదివితే దక్కేది ప్రయోజనం. ఇక్కడ అధికారి అశ్వారావుపేట యాత్రికుడు. అతడే ఎందుకనగా, ఆయిల్‌పామ్ గెలల సొమ్ము చేతికందిన వారంలో కుటుంబంతో భద్రాద్రి రాముణ్ణి దర్శించుకుని, అటునుంచి కూనవరం మీదుగా వర రామచంద్రాపురం మండలంలోని పోచవరం రేవుకు చేరే ఆ గృహస్థు, తెలంగాణలో బయలుదేరి ఆంధ్రప్రదేశ్‌లో పడవ ఎక్కుతాడు. ఆ మండలం 2014 దాకా, అప్పట్లో అశ్వారావుపేట కూడా ఉన్న ఖమ్మం జిల్లాలోనే ఉండి, పోలవరం ముంపు కారణంగా రాష్ట్రం మారింది. కనుక దేశాచారం, అంటే ఆ నేల అలవాటు, ఏ రాష్ట్రానిది పాటించాలన్న చిక్కు ఇతడికి ఉన్నంతగా మరెవరికీ లేదు. విషయం అదనపు బక్షీసు. సంబంధం జేబుకూ చేతికీ గలది. ప్రయోజనం వియ్యంకుడి ముందు పరువు దక్కడం, ఇంటికి చేరిన రాత్రి నిద్ర పట్టడం.

మూలం

పడవ దిగెడువేళ పళ్లెంబు చూపిన
కొనిన చీటిలోనఁ గూడనట్టి
సేవ నెఱిఁగి యిచ్చు చేతికి మేలయా
యివ్వకున్న దోష మేమి లేదు.

ప్రతిపదార్థం

పడవ = లాంచీని; దిగెడువేళ = విడిచి ఒడ్డు చేరే సమయంలో; పళ్లెంబు = పళ్లెమును; చూపిన = చూపినచో; కొనిన చీటిలోనన్ = ముందుగా సొమ్మిచ్చి కొన్న టికెట్టులో; కూడనట్టి = చేరనటువంటి; సేవన్ = ఉపచారమును; ఎఱిఁగి = గుర్తించి; ఇచ్చు = ఇచ్చునట్టి; చేతికి = హస్తమునకు; మేలు + అయా = శుభమగునయ్యా; ఇవ్వకున్నన్ = ఇవ్వకపోయినను; దోషము = తప్పు; ఏమి లేదు = ఏమాత్రమును లేదు.

వ్యాఖ్య

‘పడవ’ అన్నది సామాన్యవాచకమైనా, ఇక్కడ సరంగు, కళాసీలు, వంటవాళ్లు, మైకు పట్టుకుని కొండల పేర్లు చెప్పే వ్యాఖ్యాత గల విహారపు లాంచీ అనే విశేషార్థంలో గ్రహించాలి. సరంగు అనగా లాంచీ నడిపేవాడు. వేసవిలో ఇసుకమేటలు ఎక్కడ తేలాయో, వరద తగ్గాక సుడులు ఎక్కడ తిరుగుతాయో నీటి రంగును బట్టి పోల్చుకోవలసినవాడు. కళాసీ అనగా మోకు విసిరేవాడు, ఒడ్డుకు బల్ల వేసేవాడు, ఆ బల్ల మీద తడబడే ముసలమ్మ చేయి పట్టుకునేవాడు. మైకు పట్టినవాడూ వ్యాఖ్యాతే కావడం వల్ల అతని పట్ల ఈ వ్యాఖ్యకు పక్షపాతం ఉంటుందని కొందరు శంకించవచ్చు. ఆ శంకకు సమాధానం తరువాత వస్తుంది.

‘దిగెడువేళ’ అనడం చేత ఎక్కేవేళ నిషేధించబడింది. మీమాంసకులు కర్మలను మూడు విధాలుగా విభజించారు: రోజూ చేయవలసినది నిత్యం, సందర్భం వచ్చినప్పుడు తప్పనిసరిగా చేయవలసినది నైమిత్తికం, ఫలం కోరి చేసేది కామ్యం. ఎక్కీ ఎక్కగానే పై అంతస్తులో రెయిలింగు పక్క కుర్చీ కోసం కళాసీ చేతిలో పెట్టే నోటు ఫలం కోరి ఇచ్చినది కనుక కామ్యం. దానికి బక్షీసు అన్న పేరు చెల్లదు, లంచం అన్న పేరు చక్కగా చెల్లుతుంది. దిగేవేళ ఇచ్చే నోటుకు ఇక పొందవలసిన ఫలం లేదు, ఎందుకంటే ఆ పడవతో ఆ గృహస్థుకు మళ్లీ పని పడకపోవచ్చు. ఇవ్వకున్నా దోషం లేదన్నందువల్ల అది నిత్యమూ కాదు, నైమిత్తికమూ కాదు. మిగిలింది ప్రీతిదానం, అంటే సంతోషం కలిగినందువల్ల ఇచ్చేది, ఒక్కటే.

‘పళ్లెంబు’ ఉపలక్షణం, అనగా ఒకదాన్ని చెప్పి దాని జాతిదంతా సూచించడం. కనుక డబ్బా, టోపీ, చాచిన అరచేయి, ఫోనుతో సొమ్ము పంపడానికి తాడుకు వేలాడదీసిన స్కానింగ్ బొమ్మ, అన్నీ ఇందులో చేరతాయి. అయితే కొండల మధ్య ఫోనుకు సిగ్నల్ అందని చోట్లు ఉన్నందువల్ల చివరిది అక్కడ నిష్ఫలమవుతుంది. సిగ్నల్ లేదనే సాకు కొందరికి వరంగా పరిణమించడం వ్యాఖ్యాతలు గమనించిన విషయమే. అందుచేత భద్రాచలంలోనే వందనోటుకు పది, ఇరవై రూపాయల చిల్లర మార్చుకుని ఉంచుకున్నవాడికి మాత్రమే తన ఉదారత గురించి మాట్లాడే హక్కు ఉంటుంది.

‘సేవ’ అన్న పదం దగ్గర శాస్త్రం చిక్కబడుతుంది. ఉదయపు టిఫిను, మధ్యాహ్న భోజనం, టీ, పాటలు, ఆటలు ప్యాకేజీలో చెప్పి అమ్మినవైతే అవి టికెట్టుతోనే తీరిపోయాయి. వాటికి మళ్లీ చెల్లించడం పునరుక్తి దోషం. చంటిబిడ్డ పాలసీసాకు వేడినీళ్లు తెచ్చి ఇవ్వడం, మోకాళ్ల నొప్పుల మామ్మను మెట్ల మీద నుంచి ఎత్తి దించడం, నీటిపాలు కాబోయిన చెప్పును గెడకర్రతో అందుకోవడం ఏ ప్యాకేజీలోనూ అచ్చుకాలేదు గనుక అవే ‘కూడనట్టి సేవ’. రెండోసారి పప్పు వడ్డించడం టికెట్టులోనిదే అని ఒక పక్షం, కాదని మరో పక్షం; అడిగినవారి గొంతును బట్టి నిర్ణయించాలని సమన్వయవాదులు.

పాఠాంతరం

కొన్ని ప్రతులలో ‘కూడనట్టి’ అన్నచోట ‘కూడినట్టి’ అన్న పాఠం కనిపిస్తుందని, ఛందస్సు రెంటికీ సరిపోతుందని ఊహించడానికి వీలుంది. ఈ రెండవ పాఠమే సముద్రం మీద ప్రచారంలో ఉంది. అమెరికా రేవుల నుంచి బయలుదేరే పెద్ద విహార నౌకలలో చాలావాటిలో బక్షీసు ముందుగా యాత్రికుడి ఇష్టానికి వదిలిపెట్టబడదు. మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్ల చొప్పున ఖాతాలో దానంతట అదే చేరుతుంది, పానీయాల బిల్లు మీద 18 నుంచి 20 శాతం వేరుగా పడుతుంది. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉద్యోగం చేసే అల్లుడు అశ్వారావుపేట అత్తమామలను పిలిపించి గాల్వెస్టన్ రేవులో నౌక ఎక్కిస్తే, నలుగురికి ఏడు రోజులకు 448 నుంచి 560 డాలర్లు ఈ పద్దు కిందనే పోతాయి. ఆ సంగతి తెలియని మామగారు, గది శుభ్రం చేసే కుర్రవాడి కోసం దిండు కింద మరో ఇరవై డాలర్లు పెట్టాలా వద్దా అని అల్లుణ్ణి అడిగినప్పుడు పుట్టేదే ‘అదనపు’ అన్న విశేషణం: ఇచ్చినదాని మీద ఇచ్చేది.

అక్కడ ఆ పాఠం ప్రబలడానికి కారణం ఉంది. ఆ నౌకలలో చాలావాటిని బహామాస్, పనామా, బెర్ముడా వంటి దేశాలలో నమోదు చేస్తారు. జెండా ఏ దేశానిదైతే నౌకలోని కొలువుకు ముఖ్యంగా ఆ దేశపు చట్టమే వర్తిస్తుంది. అందువల్ల అమెరికా రేవులో ఎక్కిన యాత్రికుడికి వడ్డించే ఫిలిప్పీన్స్ యువకుడికో, గోవా యువకుడికో అమెరికా కనీస వేతనం దక్కదు. బక్షీసు అక్కడ జీతానికి పైమెరుగు కాక జీతంలో భాగమే అయింది. చాలా నౌకలలో కౌంటరుకు వెళ్లి ఆ పద్దు తీసివేయమని అడగవచ్చు. కానీ తీసివేసినవాడు యజమానిని శిక్షించాననుకుంటూ సేవకుడిని శిక్షిస్తాడు. కనుక కూడినట్టి పాఠం నడిచే చోట కూడిన పద్దును ఉంచడమే ధర్మం, దాని మీద మరికొంత ఇవ్వడం కేవలం ప్రీతి.

గోదావరి మీద ఈ పాఠం ఎందుకు చెల్లదనగా, మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న హోటళ్లు, రెస్టారెంట్లు సర్వీసు చార్జీని బిల్లులో దానంతట అదే కలపరాదని మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. ఆ నియమం చెప్పింది భోజనశాలల గురించే అయినా, ఒకచోటి విధిని అటువంటి మరోచోటికి అన్వయించడాన్ని మీమాంసలో అతిదేశం అంటారు గనుక, నీటి మీద తేలే భోజనశాలకు దానిని న్యాయంగా, న్యాయస్థానానికి వెళ్లకుండానే, అతిదేశించుకోవచ్చు.

పూర్వపక్షం

ఎదుటివాడి వాదాన్ని ముందుగా అతని బలంతోనే చెప్పడం పూర్వపక్షం. అశ్వారావుపేట యాత్రికుడు ఇలా వాదించవచ్చు: సంతలో కూరగాయలు కొంటే అమ్మేవాడే నాలుగు మిరపకాయలు కొసరు వేస్తాడు, అదనం ఎప్పుడూ కొన్నవాడి సంచిలోకే వస్తుంది. పడవ మీద మాత్రం కొన్నవాడే అమ్మినవాడికి కొసరు వేయాలనడం లోకవిరుద్ధం. పైగా సిబ్బందికి జీతం ఇవ్వవలసినది పడవ యజమాని. యాత్రికులు దయతలచే కొద్దీ యజమాని జీతం పెంచడం మరచిపోతాడు.

రెండవ పూర్వపక్షం లజ్జావాదం. పక్క కుర్చీవాడు ఇచ్చాడు కనుక ఇవ్వాలి, లేకుంటే పిల్లల ముందు చిన్నతనం. మూడవది భయవాదం: సిబ్బందిని సంతోషపెడితే పడవ జాగ్రత్తగా నడుపుతారు, లైఫ్ జాకెట్టు మంచిది ఇస్తారు.

సిద్ధాంతం

మూడింటిలో మూడవదాన్ని మొదట ఖండించాలి, ఎందుకంటే అది పొరపాటు మాత్రమే కాక ప్రమాదం కూడా. 2019 సెప్టెంబర్ 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర విహారపు బోటు మునిగి 50 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ప్రాణాలతో బయటపడిన 26 మందిని చేరదీయడానికి తమ పడవలతో ముందుకు దూకినవారు ఆ ఒడ్డున ఉండే గిరిజనులు. వారి ఎదుట ఏ పళ్లెమూ లేదు. ఆ తరువాత విహారాలు ఆగిపోయి, రేవులలో కంట్రోల్ రూములు వంటి ఏర్పాట్లతో 2021లో తిరిగి మొదలయ్యాయి. వరద మట్టం చూడడం, పరిమితికి మించి ఎక్కించకపోవడం, ప్రతివాడికీ జాకెట్టు తొడిగించడం విధి. విధికి బక్షీసు లేదు. బక్షీసు ఇస్తే జరిగే రక్షణ, ఇవ్వకపోతే జరగని రక్షణ అవుతుంది. అందుచేత జాకెట్టు ఉక్కగా ఉందని, విప్పనిస్తే వంద ఇస్తానని కళాసీకి చెప్పే యాత్రికుడు ఈ శాస్త్రంలో మహాపాతకి.

లజ్జావాదం సులువుగా వీగిపోతుంది. మూలంలో ‘సేవ నెఱిఁగి’ అని ఉందే గాని ‘పక్కవాని నెఱిఁగి’ అని లేదు. కవి ఆ మాట వేయలేదు.

మొదటి పూర్వపక్షం మాత్రం గట్టిది, దానిలో సగం సిద్ధాంతమే అంగీకరిస్తుంది. జీతం యజమాని బాధ్యత అన్నది నిజం. అందుకే ఇవ్వకున్నా దోషం లేదని నాలుగో పాదం తేల్చింది, పళ్లెం పట్టినవాడు ముఖం ముడిచే హక్కును ఆ పాదమే తీసివేసింది. అయితే కొసరు వేసే వర్తకుడు ధరలో దానిని ముందే లెక్కగట్టి ఉంటాడు. మామ్మను ఎత్తి దించిన కళాసీ దేనినీ లెక్కగట్టలేదు. లెక్కలో లేని పనికి లెక్కలో లేని సొమ్ము ఇవ్వడం వల్ల యజమాని జీతాల పట్టీకి నష్టమూ లేదు, సాకూ లేదు.

విశేషాలు

ఇక పక్షపాతశంకకు సమాధానం. పళ్లెం సాధారణంగా కంటికి కనిపించేవారి చుట్టూ, అంటే మైకు పట్టినవాడి చుట్టూ, నృత్యం చేసిన కుర్రవాళ్ల చుట్టూ తిరుగుతుంది. ఇంజను వేడిలో అన్నం వార్చినవాడూ, సరంగూ ఆ వలయానికి వెలుపల ఉండిపోతారు. కనుక ఇచ్చేవాడు అందరూ పంచుకుంటారా అని ఒక్కమాట అడిగి ఇవ్వడం, పంచుకోరని తోస్తే వెనక్కు నడిచి వంటవాడి చేతికే ఇచ్చి “టీ తాగు తమ్ముడూ” అనడం ఉత్తమపక్షం. ఇందులో వ్యాఖ్యాతకు నష్టం కలుగుతుంది, కాబట్టి పక్షపాతం లేదని రుజువైంది.

రెండవ విశేషం పేరంటాలపల్లికి సంబంధించినది. పడవ అక్కడ ఆగినప్పుడు యాత్రికులు బాలానందస్వామి నెలకొల్పిన మునివాటం, శివాలయం చూసి, కొండరెడ్లు వెదురుతో అల్లి అమ్మే పూలసజ్జలు, బొమ్మలు బేరమాడతారు. వీడియోలో పడతామని నృత్యం చేసే కుర్రవాడి మీద ఐదువందల నోటు తిప్పి వేసిన చేయే, అరగంట తరువాత వెదురుబొమ్మ దగ్గర పది రూపాయలు తగ్గించమని పట్టుబట్టడం ఈ నది మీద అరుదు కాదు. ఆ రోజు ఆ బొమ్మ అమ్ముడుపోకపోతే ఆ అమ్మకు ఏ యజమానీ జీతం ఇవ్వడు. అందువల్ల అక్కడ బేరమాడకపోవడమే అన్ని బక్షీసులలోకీ శ్రేష్ఠం. అది పళ్లెంలో వేసినట్టు కనిపించదు, పుచ్చుకున్నవారిని వంగనివ్వదు.

తాత్పర్యం

ఓ అశ్వారావుపేట గృహస్థా! లాంచీ దిగేటప్పుడు ఎవరైనా పళ్లెం చూపినట్లయితే, టికెట్టుతో తీరిన ఉపచారాలను పక్కన పెట్టి, తీరనిది ఏమైనా జరిగిందా అని ఒక్కసారి తలచుకో. జరిగితే, చేసినవాడి చేతికే, చిల్లరగా, నవ్వుతూ ఇవ్వు. జరగకపోతే ఫోను చెవికి ఆనించకుండా నమస్కారం పెట్టి దిగు. కుర్చీ కోసం ముందుగా ఇవ్వకు, జాకెట్టు విప్పడానికి అసలే ఇవ్వకు. సముద్రపు నౌకలో ఖాతాలో చేరిన పద్దును తీయించకు. పేరంటాలపల్లిలో చెప్పిన ధర ఇచ్చి కొను. ఇంతకంటే ఎక్కువ ఇవ్వడం నీ ఇష్టం, అడగడం ఎవరి హక్కూ కాదు.