భావనపాడు ముక్కు, సర్కారు కొలబద్ద

1901 జనాభా లెక్కలు నడిపిన హెర్బర్ట్ రిజ్లీ దొరకి, ఈ దేశంలో మనుషుల అంతస్తు ఎక్కడ దాక్కుందో కనబడిపోయింది. ముక్కులో! ముక్కు వెడల్పుని పొడవుతో భాగించి వందతో హెచ్చవెయ్యాలి. 70కి తక్కువొస్తే సన్నముక్కు, 85 దాటితే చపటిముక్కు. ముక్కు ఎంత వెడల్పైతే కులం అంత కిందికి అని ఆయన సూత్రం. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్ కూడా పనిముట్లు పుచ్చుకుని దక్షిణాది కొలిచి, 1909లో కులాల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు.

భావనపాడు గట్టున చేపల వేలం పాడేవాళ్లు నయం. మొప్ప ఎత్తి తాజాదో కాదో చూసి మరీ ధర పలుకుతారు. 1901 లెక్కల్లో మాత్రం కులాల్లో ఎవరిది పై మెట్టో ఎవరిది కింది మెట్టో స్థానికుల్ని అడిగి వరస కట్టారు. అంతస్తు ముక్కు మీదే రాసుంటే ఇంక ఊళ్లో వాళ్లని అడగడం దేనికో! 1932లో సామాజిక శాస్త్రవేత్త ఘుర్యే ఆ కొలతలే తిరగేసి, ఉత్తర హిందుస్థానం దాటితే సూత్రం చెల్లదని చూపించాడు. రిజ్లీ కాలంలోనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి కొండజాతి సవరల ముక్కుల జోలికి పోకుండా వాళ్ల భాష నేర్చుకుని బడులు పెట్టాడు. అలాంటి పనికి కొలబద్ద అక్కర్లేదు కాబట్టి శాస్త్రం అనిపించుకోలేదు కాబోలు.

భావనపాడు అప్పట్లో గంజాం జిల్లా. అక్కడి ముక్కొకటి ఓడెక్కిందనుకుందాం.

1860 తర్వాత ఒప్పందపు గిరిమిటి కూలీగా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో దిగితే, మనవల కాలానికి 1950 నాటి జనాభా నమోదు చట్టం ఎదురయ్యేది. ఆ ముక్కు తొలుత ‘కలర్డ్’ గంపలో పడేది, 1959లో అందులోంచి ఏరి ‘ఇండియన్’ చేసేవారు. ఈ లోపల ముక్కు ఒక్క నూలు కూడా కదల్లేదు.

రంగూన్ వెళ్తే ఇంకో పేరు. కాకినాడ దగ్గరి కోరంగి రేవుని జన్మలో చూడకపోయినా అక్కడ ప్రతి తెలుగు కూలీ ‘కోరంగీ’యే. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు బర్మీయుల్ని పనిలోకి తీసుకున్నాయి. రాజీ కుదిరి కోరంగీలు తిరిగొచ్చేసరికి, బర్మీయుల్ని పొమ్మన్నాయి. అంతే, కత్తులు లేచాయి, వందకు పైగా ప్రాణాలు పోయాయి. దానికి జాతి కలహమని పేరు పెట్టారు. కూలి రేటు ఎవరు కట్టారో, ఇద్దర్నీ ఒకరి మీదికి ఒకర్ని ఎవరు తోశారో ఆ పేరులో ఎక్కడా వినబడదు. ఓడల కంపెనీల జాతి ఏమిటని ఎవరూ అడగలేదు! 1942లో జపాన్ సేనలకు భయపడి జనం కొండలు దాటి పారిపోతుంటే, ఆ అడవిలో కూడా తెల్లవాళ్ల దారి వేరు, నల్లవాళ్ల దారి వేరు.

అమెరికా ముచ్చట మరీ వింత. నేను ఆర్యుణ్ని, కాబట్టి తెల్లవాణ్నేనని భగత్ సింగ్ థింద్ పౌరసత్వం అడిగితే, శాస్త్రం ఏం చెప్పినా మామూలు మనిషి కంటికి నువ్వు తెల్లవాడివి కాదని సుప్రీంకోర్టు 1923లో తోసిపుచ్చింది. 1970 లెక్కల్లో భారతీయులు తెల్లవాళ్ల ఖాతాలో చేరారు. 1980కల్లా ‘ఏషియన్ ఇండియన్’ అయ్యారు. పదేళ్లు తెల్లగా ఉన్నామన్న సంగతి చాలామంది తెలుగువాళ్లకి తెలీకుండానే గడిచిపోయింది, పాపం.

ఇన్ని లెక్కల్లో నలిగిన జాతి కొలబద్దని సముద్రంలో పారేస్తుందనుకుంటాం. ఇంటికి తెచ్చుకుంది. ముక్కు బదులు ఇప్పుడు రంగు కొలుస్తారు. పొద్దున్నించి ఉప్పుగాలిలో వలలు బాగుచేసే ఊళ్లో కూడా, పెళ్లికూతురు మాత్రం ఎండ తగలకుండా పెరిగినట్టుండాలి. 1975 నుంచి సంతల్లో సైతం అమ్ముడైన తెల్లబరిచే క్రీముకి 2020లో పేరులోంచి ‘ఫెయిర్’ తీసి ‘గ్లో’ అతికించారు. పెళ్లిళ్ల పేరయ్యకి ఆ కబురు ఇంకా అందలేదు. ‘పిల్ల రంగు కాస్త తక్కువేనండీ. ఆ మేరకి కట్నం దగ్గర మాట్లాడుకుందాం!’