సన్‌షైన్ సంబంధం

మా ఎదురింటి మాస్టారు అబద్ధమాడే మనిషి కాదు. కొడుకు పెళ్ళి సంబంధాల దగ్గర మాత్రం సగం నిజంతో సరిపెట్టేవారు. "అబ్బాయి ఉండేది మెల్‌బోర్న్‌లో ఎక్కడండీ?" అని ఎవరైనా అడిగితే, "సిటీకి పడమరండీ, పన్నెండు కిలోమీటర్లే" అనేసి, కాఫీ చల్లారిపోతోందని తొందరపెట్టేవారు. ముప్ఫై ఏళ్ళు సాంఘికశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక ఇక్కడి డీఎస్సీ కోచింగుల్లో కూడా అదే చెప్పిన మనిషికి కొడుకుండే పేట పేరు తెలీక కాదు. అది నోట్లోంచి బయటికి రావడమే ఇష్టం లేదు.

ఆ పేట పేరు సన్‌షైన్.

ఇందులో దాచుకోవాల్సిందేముందో ఆస్ట్రేలియాలో పిల్లలున్న వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మా దివిసీమలో అలాంటి తల్లిదండ్రులు ఇప్పుడు ఏ వీధిలో చూసినా కనిపిస్తారు. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ అన్న పేర్లు వాళ్ళ నోట నాగాయలంక, కోడూరు అన్నంత తేలిగ్గా పలుకుతాయి. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఆస్ట్రేలియా జనాభా లెక్కల్లో 2016లో 34 వేలుంటే, 2021కి 59 వేలు దాటారు. ఎక్కడ ఇల్లు తీసుకోవాలో ఎక్కడ తీసుకోకూడదో వీళ్ళకో పంచాంగం ఉంది. అందులో సన్‌షైన్, సెయింట్ ఆల్బన్స్, డాండెనాంగ్, బ్రాడ్‌మెడోస్ వర్జ్యం.

భయం ఊరికే పుట్టలేదు లెండి. 2008 డిసెంబరులో ఆ సన్‌షైన్‌లోనే ఓ భారతీయ కిరాణా కొట్లో పడి, అక్కడున్న కుర్రాణ్ణి కోమాలోకి పోయేలా కొట్టారు. 2009 మే నెలలో అదే నగరంలో ఓ తెలుగు విద్యార్థిని స్క్రూడ్రైవర్‌తో తలమీద పొడిచారు. మన విద్యార్థులు వేలమంది మెల్‌బోర్న్ వీధుల్లోకొచ్చి ఊరేగింపు తీశారు. ఆ పేపరు కటింగులు మాస్టారి బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి. అప్పుడు అబ్బాయి హైస్కూలు చదువు. ఆస్ట్రేలియా పేరెత్తొద్దని వాడికి ఆ రోజే చెప్పేశారు. తొమ్మిదేళ్ళ తర్వాత విమానం ఎక్కించింది కూడా ఆయనే.

కుర్రాడు మొదట అందరిలాగే టార్నీట్‌లోనే దిగాడు. ఉద్యోగం స్థిరపడి, పీఆర్ వచ్చాక, ఉన్నట్టుండి సన్‌షైన్‌కి మారిపోయాడు. ఎందుకురా అంటే, "ఇక్కడ అవనిగడ్డ సెంటర్లో ఉన్నట్టే ఉంది నాన్నా, మా ఇంట్లో ఏం కూర వండామో మూడు వీధుల అవతల తెలుస్తోంది" అన్నాట్ట. అద్దె తక్కువనీ, స్టేషను ఇంటిపక్కనేననీ తర్వాత మెల్లిగా చెప్పాడు. నాకైతే అద్దె కారణమే నమ్మబుద్ధయింది.

మొదటి దెబ్బ ఉయ్యూరు సంబంధంతో తగిలింది. జాతకాలు కలిశాయి, పిల్లలు వీడియోలో మాట్లాడుకున్నారు, పెట్టుపోతల దాకా వచ్చింది. ఈలోపు పాయింట్ కుక్‌లో ఉండే అమ్మాయి పెదనాన్నగారబ్బాయి నోరు విప్పాడు. "సన్‌షైనా? కారద్దం పగలకుండా తెల్లారదు బాబాయ్ అక్కడ. మనవాళ్ళెవరుంటారు?" అంతే, ఉయ్యూరు నుంచి ఫోన్లు ఆగిపోయాయి.

ఇంకొకరైతే కొడుకుని ఇల్లు మారమనేవారు. మాస్టారు పుస్తకాలు తీశారు.

రోజూ సాయంత్రం మా అరుగు మీదకొచ్చి ఆ రోజు చదివింది అప్పజెప్పేవారు. అలా నాకూ సన్‌షైన్ బాగా తెలిసిపోయింది. విక్టోరియా రాష్ట్రంలో నేరాల లెక్కలు మూడు నెలలకోసారి వెలువడతాయి. జనాభా నిష్పత్తిలో చూస్తే ఆ లెక్కల్లో మొదటిస్థానం మెల్‌బోర్న్ నడిబొడ్డుదే. పగలు లక్షలమంది వచ్చిపోతారు, జరిగిన నేరాల్ని మాత్రం అక్కడ పడుకునే నాలుగు కొంపలతో భాగిస్తారు. "చూశారా, భాగహారంలో ఉంది కిటుకంతా! ఏ అంకెని దేంతో భాగించారో చూడకుండా ఊరికి పేరు పెట్టకూడదు" అనేవారు మాస్టారు. కరెక్టే అనిపించింది.

ఆయన ఎక్కువ మనసుపడింది మాత్రం కోత మిషను దగ్గర. ఆ పేటకి మొదట్లో బ్రేబ్రూక్ జంక్షన్ అని పేరట. హ్యూ విక్టర్ మెకే అనే ఆయన 1906లో బల్లరాట్ నుంచి తన యంత్రాల ఫ్యాక్టరీని అక్కడికి తెచ్చాడు. ఆయన చేసే కోత మిషను పేరు సన్‌షైన్. మరుసటి ఏడాదికల్లా మిషను పేరే ఊరికొచ్చేసింది. "వరికోత మిషను లేకపోతే మన దివి రైతుకి ఈ రోజు పూట గడవదు కదా! ఆ మిషను పేరు పెట్టుకున్న ఊళ్ళో మావాడుంటే తప్పా?" అని అడిగేవారు, నేనేదో తప్పన్నట్టు.

1907 నవంబరులో ఆ ఫ్యాక్టరీ కేసులోనే జస్టిస్ హిగ్గిన్స్ తీర్పిచ్చాడు. నైపుణ్యం లేని కూలీకైనా సరే, భార్య, ముగ్గురు పిల్లలతో మనిషిలా బతకడానికి ఎంత కావాలో అంత ఇవ్వాలి, అది రోజుకి 7 షిల్లింగులు అన్నాడు. మెకే ఊరుకోలేదు. మర్నాడు కాకపోయినా మరుసటేడాది పై కోర్టులో గెలిచాడు. గెలిచినా లాభం లేకపోయింది. ఆ సూత్రమే ఆస్ట్రేలియా కూలి రేట్లకి దశాబ్దాలపాటు పునాదైంది. దీన్ని మాస్టారు ప్రపంచ చరిత్రలోనే పెద్ద ఘట్టంగా చెప్పేవారు. 1908లో అక్కడే రైళ్ళు ఢీకొని 44 మంది చనిపోయారని కూడా ఎక్కడో చదివి, ఎవరూ అడక్కపోయినా దానికో జవాబు సిద్ధం చేసుకున్నారు.

మరి ఇంత గొప్ప ఊరికి చెడ్డపేరెందుకొచ్చిందంటే, ఫ్యాక్టరీ పోయింది. ఆ స్థలంలో షాపింగ్ కేంద్రం లేచింది. పని పోయిన ఊరికి పేరు పోవడానికి ఎంతసేపు? పైగా ఆ చుట్టుపక్కల పేటల్లోకి యుద్ధం తర్వాత మాల్టా వాళ్ళు, ఇటలీ వాళ్ళు, పోలండు వాళ్ళు దిగారు. 1975 తర్వాత వియత్నాం వాళ్ళు. పేరు చెడ్డ పేటలో అద్దె తక్కువ. అద్దె తక్కువైన చోటికే కొత్తగా దిగినవాడు వెళ్తాడు. వాణ్ణి చూసి పాతవాడు పేట చెడిపోయిందంటాడు. ఇది మాస్టారు చెప్పిందే, నేను కాస్త కుదించాను. ఆయన చెప్తే రాత్రి భోజనాల వేళ దాటేది.

మరో సంగతి చెప్పాలి. మాస్టారిల్లు రెండంతస్తులు. కింద గదులన్నీ డీఎస్సీ పిల్లలకి అద్దెకిస్తారు. అవనిగడ్డలో సగం ఇళ్ళు అంతే కదా, ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చి ఇక్కడ గదులు తీసుకుని చదువుతారు. 2025లో మెగా డీఎస్సీ 16,347 పోస్టులతో పడ్డప్పుడు ఊళ్ళో కోళ్ళగూడు కూడా ఖాళీ లేదు. అప్పుడు సైతం మాస్టారు పై వాటా తాళం తియ్యలేదు. గ్రానైటు పరిపించి, వంటింట్లో చిమ్నీ పెట్టించి, ఏసీకి గోడకి కన్నం కూడా కొట్టించి ఉంచారు. నెలకోసారి మాస్టారి భార్య పైకెళ్ళి ఊడ్చి వస్తారు. అది అబ్బాయిది. అబ్బాయి ఎప్పటికైనా వచ్చేస్తాడు.

ఫాల్గుణంలో గుడివాడ సంబంధం వచ్చింది. ఈసారి ఏదీ దాచనని మాస్టారు ముందే అనుకున్నారు. అమ్మాయి, అబ్బాయి అప్పటికే మాట్లాడుకుని ఇష్టపడ్డారు. మిగిలింది పెద్దవాళ్ళు ఇల్లు చూసుకోవడమే. అమ్మాయి తండ్రి, ఆయన బావమరిది కారులో వచ్చారు. మాటసాయానికి నన్ను పిలిచారు.

పెద్దమనిషికి అరవైకి కాస్త తక్కువుంటాయి. గుడివాడలో ఎరువుల కొట్టు. మాట తక్కువ. "దారి తెలీక ఇబ్బంది పడలేదు కదండీ?" అంటే లేదని తలూపారు. బందరు లడ్డూ పెడితే సగం తిన్నారు. భోంచేసి సాయంత్రం హంసలదీవి వెళ్ళి సాగరసంగమం చూసొద్దామని మాస్టారు అంటే, "వద్దు బావగారూ, చీకటి పడేలోపు పులిగడ్డ దాటెయ్యాలి" అన్నారు. బావగారూ అన్నారంటే పని సగం అయినట్టేనని మాస్టారి భార్య గుమ్మం దగ్గర్నుంచి నా వైపు చూశారు.

మాస్టారు గొంతు సవరించుకుని సన్‌షైన్ అందుకున్నారు. గంటసేపు ఆపలేదు. భాగహారం, మెకే, హిగ్గిన్స్, ఏడు షిల్లింగులు, మాల్టా, వియత్నాం అన్నీ అయ్యాయి. 2009 సంగతి కూడా దాచలేదు, కటింగులు తెచ్చి చూపించారు. గుడివాడ ఆయన ఒక్కొక్కటీ కళ్ళజోడు పెట్టుకుని చదివి, మడతలు చెడకుండా తిరిగిచ్చారు. విసుక్కోలేదు. మధ్యలో ఒకసారి మాత్రం, "స్టేషను నుంచి ఇంటికి దారంతా లైట్లుంటాయా?" అని అడిగారు. ఉంటాయన్నారు మాస్టారు. "అమ్మాయి ఫోన్లో అదే చెప్పింది. మాకా పేట గురించి అభ్యంతరం ఏంలేదండీ" అన్నారాయన.

అక్కడితో ఆగి తాంబూలాల మాటెత్తి ఉంటే సరిపోయేది. మాస్టారిలో ఉపాధ్యాయుడు ఊరుకోలేదు. చివరికని దాచుకున్న పెద్ద ముక్క బయటికి తీశారు.

"అసలు మీకా భయమే అక్కర్లేదు బావగారూ. ఎంతున్నా ఐదారేళ్ళు. తర్వాత ఇద్దరూ ఇక్కడికే వచ్చేస్తారు. పై వాటా చూద్దురుగాని రండి, వాళ్ళకోసమే కట్టించా."

ఆయన లేవలేదు. చేతిలో గ్లాసు కింద పెట్టారు.

"వచ్చేస్తాడా?"

"మరి? ఒక్కడే కొడుకు. ఎక్కడికి పోతాడు?"

ఆయన బావమరిది వైపు చూశారు. బావమరిది కిటికీలోంచి బయటికి చూశాడు.

"అబ్బాయి ఇక్కడ లేడనే కదండీ మేం ఈ సంబంధానికొచ్చింది" అన్నారు చివరికి. "సన్‌షైన్ అంటే మాకేం భయం లేదు. దివికి మాత్రం పిల్లనివ్వనండీ."

మాస్టారు మొదట నవ్వారు, వేళాకోళం అనుకుని. కాదని తెలిశాక ఆయన ముఖంలో ఏదో వెలిగింది. ఎదుటి విద్యార్థి తప్పు జవాబు చెప్పినప్పుడు వచ్చే ఉత్సాహం అది.

"ఉప్పెన సంగతా? ఇదిగో, మీరూ పేరు విని భయపడుతున్నారు! 1977 నవంబరు 19, శనివారం. అప్పుడు హెచ్చరిక సరిగా లేదు, తలదాచుకోడానికి షెల్టర్లు లేవు. ఇప్పుడు మచిలీపట్నంలో డాప్లర్ రాడారుంది. 2025 అక్టోబరులో మొంథా వచ్చిందా, ముందే జనాన్ని షెల్టర్లకి చేర్చేశారు. పోనీ ఆ రోజు లెక్కే తీసుకోండి. ప్రభుత్వం చెప్పిందే పదివేల దాకా. నిజమే. కానీ ఎక్కడ పోయారు? సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, అన్నీ సముద్రం అంచునున్న ఊళ్ళు. ఆ సంఖ్యని తెచ్చి మొత్తం దివికి పులిమితే ఎలా? అవనిగడ్డని విడిగా లెక్కెయ్యాలి. భాగహారంలోనే ఉంది కిటుకంతా! అంతెందుకు, జన్మలో ఒక్కసారైనా ఆ సొర్లగొంది ఎలా ఉంటుందో చూశారా మీరు?"

"పుట్టిందక్కడేనండీ" అన్నారు గుడివాడ ఆయన, కండువా తీసి భుజాన వేసుకుంటూ. "మీరు భాగించిన ఆ పదివేలలో ఆరుగురు మా ఇంటివాళ్ళు. అబ్బాయిని సన్‌షైన్‌లోనే ఉండిపొమ్మనండి, తాంబూలాలు రేపే పుచ్చుకుందాం."