చప్పుడు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "నివాస నిర్మాణముల విషయమున, అందు నివసించువారును వారి అతిథులును చేయు చప్పుడు మనుష్యులపై కలిగించు ప్రభావము, పర్యావరణముపై గణనీయ ప్రభావము కాదు."

అవతారిక: ఈ సూత్రం ఋషిప్రోక్తం కాదు. 2023లో కాలిఫోర్నియా శాసనసభ చేసిన ఏబీ 1307 అనే చట్టంలోని ఒక వాక్యానికి తెలుగు. ప్రతిపాదించినది బఫీ విక్స్ అనే సభ్యురాలు; ఆ సెప్టెంబరులో గవర్నరు గావిన్ న్యూసమ్ సంతకం పెట్టారు. దీని పుట్టుకకు కారణం బర్కిలీలో కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూసీ)కి అక్షరాలా కూతవేటు దూరంలో ఉన్న పీపుల్స్ పార్క్, 2.8 ఎకరాల నేల. అక్కడ సుమారు 1,100 మంది విద్యార్థులకు నివాసం, పక్కనే తలదాచుకునే చోటు లేనివారికి వందకు పైగా ఇళ్ళు కడతామని యూనివర్సిటీ తలపెట్టింది. ఇరుగుపొరుగువారు 'మేక్ యూసీ ఎ గుడ్ నైబర్' అనే సంఘంగా చేరి 2021లో దావా వేశారు. వేరే స్థలాలు ఎందుకు చూడలేదన్నది వారి అభ్యంతరాల్లో ఒకటి, పార్కు చారిత్రకమన్నది ఇంకొకటి. వాటిని వేరే వ్యాఖ్యాతలకు వదిలేద్దాం. మన సూత్రానికి సంబంధించినది ఒక్కటే: అంతమంది కుర్రకారు ఒకచోట చేరితే గోల చేస్తారు, ఆ గోల పర్యావరణానికి చేటు, యూనివర్సిటీ తన పర్యావరణ ప్రభావ నివేదికలో దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 2023 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు నిజమేనంది. ఆరేడు నెలలు తిరిగేసరికి శాసనసభ పై సూత్రంతో జవాబు చెప్పింది.

ప్రతిపదార్థం: 'నివాస నిర్మాణములు' అనగా మనుషులు కాపురముండే ఇళ్ళు, అపార్టుమెంట్లు, స్టేడియమూ బారూ ఇందులోకి రావు. 'నివసించువారు' అన్నచోట కాస్త ఆగాలి. తగవంతా విద్యార్థుల మీద నడిచింది, సూత్రకారుడు మాత్రం ఆ మాటే ఎత్తలేదు. పిల్లలుగల సంసారి, రిటైరైన జడ్జిగారు, డ్రమ్ములు నేర్చుకుంటున్న డాక్టరుగారు అందరూ ఇందులో సమానంగా ఇమిడిపోతారు. ఇది మరుపు కాదు, సిద్ధాంతానికి బీజం. 'అతిథులును': తిథివార నియమం లేకుండా వచ్చేవాడు అతిథి అని పెద్దలన్నారు. కాలేజీ ఊళ్ళలో ఆయన శుక్రవారం, శనివారం రాత్రి పది దాటాకే వస్తాడు గనుక లక్షణం సరిగా కుదరదు. అయినా లోకం తెలిసిన సూత్రకారుడు ఆయన్ని విడిచిపెట్టలేదు. విడిచిపెడితే, గోల అద్దెకున్నవాడిది కాదు, వాడి స్నేహితుడిది అని మరో దావా పడేది. 'మనుష్యులపై' అనడంచేత ఉడతలకూ పిట్టలకూ కలిగే బాధ ఈ సూత్రం కిందికి రాదని సూక్ష్మదర్శులు గ్రహించాలి. 'గణనీయము' పారిభాషిక పదం. ఒక ప్రభావం గణనీయమని తేలితే దాన్ని నివేదికలో కొలవాలి, తగ్గించే దారి చెప్పాలి. చెప్పకపోతే కోర్టు నిర్మాణాన్ని ఆపవచ్చు. కాబట్టి 'గణనీయము కాదు' అంటే చప్పుడు లేదనీ కాదు, నిద్ర చెడదనీ కాదు. ఆ కారణంతో ఇల్లు కట్టడాన్ని ఆపకూడదని మాత్రమే అర్థం.

ఇక పూర్వపక్షం. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కాలిఫోర్నియా పర్యావరణ చట్టం 1970 నాటిది. అందులో పర్యావరణం అంటే ఏమిటో చెప్పేచోట భూమి, గాలి, నీరు, చెట్టూచేమాతోపాటు చప్పుడూ ఉంది. పొరుగువారు లేని మాట పుట్టించలేదు, ఉన్న మాటే పట్టుకున్నారు. (ఆ చట్టం మీద సంతకం చేసిన గవర్నరు రోనాల్డ్ రీగన్. అంతకు ముందు ఏడాది, 1969 మేలో, ఇదే పార్కు గొడవల్లో తుపాకులు పేలి ఒక యువకుడు చనిపోయాడు. రీగన్ నేషనల్ గార్డును దింపారు. ఆనాటి చప్పుడుకు ప్రభావ నివేదిక ఏదీ లేదు.) పైగా అప్పీలు కోర్టు ఎదుట ఉన్నది ఊహ కాదు, క్యాంపస్ చుట్టుపక్కల వీధుల్లో పార్టీల గోల మీద ఏళ్ళ తరబడి పేరుకున్న సాక్ష్యం. అర్ధరాత్రి దాటాక పక్కింటి వరండాలో స్పీకరు, తెల్లారి మెట్ల మీద ఎర్ర ప్లాస్టిక్ కప్పులు: ఇది అనుభవించినవాడికి ధ్వని కాలుష్యం అన్న మాట అతిశయోక్తిగా తోచదు. విద్యార్థులంటే మాకు ద్వేషం లేదు, నివేదికలో ఒక అధ్యాయం రాయమంటున్నాం, అంతే, అని వారి వాదం.

దీనికి సమాధానం తర్కం దగ్గర మొదలుపెట్టాలి. పొగ ఉన్నచోట నిప్పు ఉన్నట్టు, విద్యార్థి ఉన్నచోట గోల ఉండును అన్నది పూర్వపక్షి పట్టుకున్న వ్యాప్తి. ఇందులో రెండు దోషాలున్నాయి. పరీక్షల ముందు లైబ్రరీలోనే కునుకు తీసే పిల్లకీ, రాత్రి షిఫ్టు చేసొచ్చి పడిపోయే పిల్లాడికీ అంటుకుంటుంది గనుక అతివ్యాప్తి. విద్యార్థి కాని గోలగాడిని వదిలేస్తుంది గనుక అవ్యాప్తి. ఫ్యాక్టరీ కట్టకముందే దాని పొగ లెక్కించవచ్చు, ఎందుకంటే పొగ ఆ యంత్రం పని చేసే తీరులోనే ఉంది. భవనం గోల చేయదు. ఒక రాత్రి ఒక మనిషి చేస్తాడు, మానమంటే మానగలడు. అది నడవడికి సంబంధించిన సంగతి. దానికి మందు బర్కిలీలోనే ఉంది: పార్టీ గోల మీద పోలీసులు ఒకే ఇంటికి రెండోసారి రావలసి వస్తే జరిమానా పడే స్థానిక నిబంధన. గోల చేసినవాడు ఎవడైనా అది వర్తిస్తుంది, గోల చేసిన తర్వాతే వర్తిస్తుంది. పుట్టని గోలకు పుట్టని ఇంటిని శిక్షించడం దానికి తెలియదు.

తర్కాన్ని మించిన బలం లెక్కలో ఉంది. బర్కిలీ యూనివర్సిటీ తన విద్యార్థుల్లో సుమారు 23 శాతం మందికే నివాసం ఇవ్వగలిగేది. కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లన్నిటిలో ఇదే అట్టడుగు. తక్కిన ముప్పాతిక మంది ఎక్కడున్నారు? చాలామంది ఆ చుట్టుపక్కల వీధుల్లోనే, కొందరు ఒక్క సంసారానికని కట్టిన ఇళ్ళలో గుంపుగా అద్దెకు. అంటే కోర్టుకు చూపిన గోల, హాస్టళ్ళు ఎక్కువై పుట్టినది కాదు, చాలక వీధుల్లోకి పొర్లినది. కొత్త భవనం విద్యార్థులను పుట్టించదు. ఉన్నవాళ్ళకు మంచం వేస్తుంది, కింద ఒక వార్డెనునో కాపలాదారునో పెడుతుంది. దాన్ని ఆపితే విద్యార్థి మాయమవడు, పక్క సందులో మేడమీద గదికి మారతాడు. పూర్వపక్షి సాక్ష్యమే సిద్ధాంతికి సాక్ష్యమైందన్నమాట.

అయితే విద్యార్థుల సంఖ్యనే తగ్గించండి అని పూర్వపక్షి అనవచ్చు. అదీ అయింది. మరో పొరుగు సంఘం వేసిన దావాలో ఒక న్యాయమూర్తి 2021లో చేరికలను అంతకుముందటి సంఖ్య దగ్గరే ఆపేశారు. 2022 మార్చి మొదట్లో రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. వేలల్లో సీట్లు పోతాయని రాష్ట్రమంతా గగ్గోలు లేచింది. ఆ నెల సగమయ్యేసరికి శాసనసభ చట్టం మార్చి సీట్లు నిలబెట్టింది. చదువుకోవడానికి వచ్చే మనిషినే కాలుష్యంగా లెక్కగట్టే వాదం కోర్టులో నెగ్గినా ఊళ్ళో నెగ్గలేదు.

ఇంకో ఆక్షేపణ ఉంది, అదే నాకు కొంత నచ్చినది. ఆట మధ్యలో గీతలు చెరిపి మళ్ళీ గీసినట్టు, కేసు నడుస్తుండగా చట్టం మార్చడం ఏం మర్యాద? నిజమే, అది అందమైన పద్ధతి కాదు. ఉన్న గోలను 'గణనీయము కాదు' అని శాసించడంలో కొంత మొండితనమూ ఉంది. ఓడినవారి చేదును తప్పుపట్టలేం. కానీ పద్ధతి మొరటైనంత మాత్రాన అర్థం తప్పు కాదు. కేసు రాష్ట్ర సుప్రీంకోర్టుకు చేరాక, పీపుల్స్ పార్క్ భవనం వరకు చప్పుడు వాదన ఇక చెల్లదని ఫిర్యాదీలే ఒప్పుకున్నారు. మిగిలిన అంశాల మీద కూడా 2024 జూన్ 6న ఏకగ్రీవంగా యూనివర్సిటీ పక్షమే తీర్పు వచ్చింది.

విశేషం: ఈ సూత్రం కాలిఫోర్నియాకే పరిమితమని అమీర్‌పేట, అశోక్‌నగర్ పాఠకులు నిశ్చింతగా ఉండనక్కర్లేదు. మన గేట్లకు వేలాడే టు-లెట్ బోర్డు మీద 'ఓన్లీ ఫ్యామిలీస్' అన్న రెండు మాటల్లో బర్కిలీ వారి వ్యాప్తి అంతా ఉంది: బ్రహ్మచారి ఉన్నచోట గోల ఉండును. వారు కనీసం కోర్టుకెక్కి సాక్ష్యం చూపారు, మనం పెయింటుతో సరిపెట్టుకున్నాం. పెళ్ళి ఊరేగింపు డీజే బ్యాచిలర్లది కాదన్న సంగతి ఆ బోర్డు రాసినవారికీ తెలుసు.

తాత్పర్యం: పొరుగువాడి నిద్ర హక్కే, దాన్ని కాపాడవలసింది రాత్రి పదిగంటల నిబంధనా, దాన్ని అమలుచేసే పోలీసూ. ఎవరు వచ్చి కాపురముంటారో చూసి ఇల్లు కట్టనివ్వాలా వద్దా అని తేల్చే అధికారం చప్పుడు పేరుతో ఎవరికీ రాదు. దావా 2021లో పడింది, తీర్పు 2024లో వచ్చింది. ఆ మూడేళ్ళూ ఆ 1,100 మంచాల మీద ఒక్కరూ పడుకోలేదు, వీధిలో గోలా తగ్గలేదు.